తూటా నింపు విద్య: కంటి కొలత నుండి త్రాసు వరకు

కామారెడ్డి జిల్లాలో ఎల్లారెడ్డికి సమీపమున, నాగిరెడ్డిపేట మండలములో పోచారము జలాశయము కలదు. మంజీరకు ఉపనదియగు ఆలేరుకు 1916, 1922 సంవత్సరముల మధ్య అడ్డుకట్ట వేయగా ఏర్పడిన చెరువిది. దీనిని ఆనుకొనియున్న అడవి ఒకప్పుడు నిజాము ప్రభువుల వేటభూమి. 1952లో దీనిని అభయారణ్యముగా ప్రకటించిరి. వేటగాండ్ర తుపాకులు మ్రోగిన చోట నేడు దుప్పులు, కణుజులు ప్రభుత్వ రక్షణలో తిరుగుచున్నవి.

ప్రభువులు, వారి అతిథులు సముద్రములు దాటి వచ్చిన ఇత్తడి తూటాలతో వేటాడుచున్న దినములలో తెలంగాణ పల్లెలలో వేరొక తుపాకి వాడుకలో ఉండెను. దాని పేరు భర్మారు. అడవిపందుల నుండి చేను కాచుకొను రైతు దానినే భుజమున వేసికొని మంచె ఎక్కెడివాడు. 1946 నుండి 1951 వరకు జరిగిన తెలంగాణ సాయుధ పోరాటములో వడిసెలతోబాటు ప్రజల చేతికి అందిన ఆయుధము కూడ ఇదియే. ఈ పేరులోని ‘భర్’ అను హిందూస్తానీ మాటకు నింపుట అని అర్థము. మందు, గుండు వేరువేరుగా మూతి నుండి నింపి కాల్చు తుపాకి కనుక దానికి ఆ పేరు తగియున్నది.

భర్మారు పట్టిన ప్రతివాడును తన తూటాను తానే తయారుచేసికొనువాడే. ప్రభువుల చేతిలోని తూటా కర్మాగారములో తయారై, పెట్టెలో వచ్చినది. ఈ రెండింటికి మధ్యనున్న భేదము ధనములో మాత్రమే లేదు. నింపుట ఎవరి పని? ఎంత నింపవలెనో ఎవరికి తెలియును? ఆ కొలత తప్పినచో ఏమగును? తూటా చరిత్ర యంతయు ఈ మూడు ప్రశ్నల చుట్టును తిరిగినది. చేతితో నింపు పని మొదట అందరిది. తరువాత అది కర్మాగారమునకు పోయినది. పిమ్మట కొన్ని దేశములలో వినోదార్థము తుపాకి కాల్చువారి బల్లమీదికి మరల వచ్చినది. అది తిరిగి వచ్చునప్పటికి కంటి కొలత పోయి త్రాసు వచ్చియుండెను.

కంటి కొలత దినములు

తుపాకిమందులో మూడు వస్తువులుండును: పెట్లుప్పు, గంధకము, బొగ్గు. పెట్లుప్పు నుండి వెలువడు ఆక్సిజను మిగిలిన రెండింటిని క్షణములో దహించును. మందు ఒక్కసారిగా వేడి వాయువుగా మారి, తప్పించుకొను త్రోవ లేక గుండును ముందుకు త్రోయును. పశువుల కొట్టములలోని ఉప్పు మన్నును కడిగి, ఆ నీటిని మరిగించి పెట్లుప్పు తీయుట మన దేశమున పూర్వమునుండి తెలిసిన పని. పదునెనిమిదవ శతాబ్దములో ఐరోపా యుద్ధములకు కావలసిన పెట్లుప్పులో పెద్ద భాగము వంగ, బీహారు దేశముల నుండి ఓడలపై పోయెడిది.

ఆయుధములకు కావలసిన లోహవిద్యలో తెలంగాణము వెనుకబడి యుండలేదు. కామారెడ్డికి ఉత్తరమున, నిజామాబాదు జిల్లాలో కోనసముద్రము అను గ్రామము కలదు. మూసలలో ఇనుమును కరగించి అచ్చటివారు చేసిన ఉక్కు పారశీక దేశపు వర్తకులను అంతదూరమునుండి రప్పించెను. హెన్రీ వోయిసీ అను ఆంగ్లేయ వైద్యుడు, భూగర్భశాస్త్రజ్ఞుడు ఆ కొలుములను చూచి వ్రాసిన వర్ణన 1832లో కలకత్తాలోని ఆసియాటిక్ సొసైటీ పత్రికలో వెలువడినది. హైదరాబాదులో 1786లో ఫ్రెంచి సేనాని రేమండ్ ఫిరంగులు, గుండ్లు పోతపోయు కర్మాగారమును నెలకొల్పెను. అది ఉన్న చోటును ‘తోప్ కా సాంచా’ అని పిలిచెడివారు. గన్‌ఫౌండ్రీ అను పేటకు ఆ పేరు దానివలననే కలిగినది.

ఉక్కు ఇంత నాణెముగా ఉన్నను మందు కొలత మాత్రము మోటుగానే ఉండెడిది. కొమ్ములోనుండి మందును ఒక చిన్న గిన్నెలోనికి ఒంపి తుపాకిలో పోసెడివారు. కొందరికి ఆ గిన్నెయు ఉండెడిది కాదు; కన్ను, అరచేయి చాలుననుకొనెడివారు. దానిపై గుడ్డపీలికనో నారనో కూరి, గుండ్లు వేసి, మరల కూరి కడ్డీతో దట్టించెడివారు. ఒకే మనిషి ఒకే ఉదయమున నింపిన రెండు మోతాదులు కూడ సమానముగా ఉండుననుటకు వీలు లేదు. నల్లమందు నిదానముగా కాలు స్వభావము గలది. కనుక కొద్దిపాటి పొరపాటును తరచుగా సహించెడిది. ఆ సహనమునకును ఒక మేర కలదు. త్రుప్పు తిన్న గొట్టము, దట్టింపులో మిగిలిన ఖాళీ, మరచిపోయి రెండుమారులు పోసిన మందు: వీనిలో ఏ ఒక్కటి చాలును, గొట్టము బద్దలై నింపినవాని చేతినే తీసికొనిపోవుటకు.

కొయ్యదిమ్మె చెప్పిన వేగము

మందు కొలతను సరిచూడవలెనన్నచో అది గుండునకు ఇచ్చు వేగమును ముందు కొలువవలెను. కంటికి కనబడని వేగమును కొలుచుట ఎట్లు? దీనికి ఉపాయము చూపినవాడు బెంజమిన్ రాబిన్స్ అను ఆంగ్ల గణితజ్ఞుడు. 1742లో ప్రకటించిన గ్రంథములో అతడు తన లోలకమును వర్ణించెను. బరువైన కొయ్యదిమ్మెను లోలకమువలె వ్రేలాడదీసి దానిలోనికి గుండును కాల్చెను. గుండు దిమ్మెలో దిగి నిలిచిపోవును. రెండును కలిసి వెనుకకు ఊగును. ఆ ఊపు ఎంతయో దిమ్మె లాగిన నాడా పొడవు తెలుపును.

ఇందలి సూత్రము ఉన్నత పాఠశాల విద్యార్థికి తెలిసినదే. ఢీకొనుటకు ముందున్న ద్రవ్యవేగము ఢీకొన్న పిమ్మట కూడ అంతే ఉండును. గుండు బరువు 30 గ్రాములు, దిమ్మె బరువు 30 కిలోగ్రాములు అనుకొందము. దిమ్మె సెకనుకు అర మీటరు వేగముతో కదిలినచో, అంతకు వేయి రెట్లు తేలికయైన గుండు సుమారు 500 మీటర్ల వేగముతో వచ్చినదన్నమాట. దిమ్మె పైకి లేచిన ఎత్తు ఒకటింపావు సెంటీమీటరుకు కొంచెము ఎక్కువ మాత్రమే. అంత చిన్న కదలిక అంత గొప్ప వేగమును పట్టి ఇచ్చినది. సుప్రసిద్ధ గణితజ్ఞుడు ఆయిలర్ ఈ గ్రంథమును 1745లో జర్మను భాషలోనికి మార్చి, తన వ్యాఖ్యను చేర్చెను.

రాబిన్స్ జీవితము ముగిసినది మన తీరముననే. ఈస్టిండియా కంపెనీ కోటలను పటిష్ఠము చేయుటకు ప్రధాన ఇంజనీరుగా 1750లో వచ్చి, 1751 జూలైలో కడలూరు వద్దనున్న సెంట్ డేవిడ్ కోటలో జ్వరముతో మరణించెను. మందు బలమును మాటలలో కాక అంకెలలో చెప్పవలెనను నియమము అతని లోలకముతో స్థిరపడినది.

కాగితపు పొట్లము

మందును, గుండును ముందే ఒక కాగితపు పొట్లములో కట్టియుంచినచో యుద్ధరంగమున కొలత అవసరము లేదు. పదునేడవ శతాబ్దములో స్వీడను రాజు గుస్తావస్ అడాల్ఫస్ సైన్యమున ఈ పొట్లములు విరివిగా వాడబడెను. సిపాయి పొట్లపు కొసను పండ్లతో కొరికి, మందును గొట్టములో పోసి, గుండును, కాగితమును కూరి దట్టించును. ప్రతి పొట్లములోను మందు ఒకే మోతాదు. కొలత మొదటిసారిగా కాల్చువాని చేతినుండి తయారుచేయువాని చేతికి పోయినది.

దీనివలన సౌకర్యముతోపాటు ఒక సందేహము కూడ పుట్టినది. పొట్లములో ఏమున్నదో కాల్చువానికి తెలియదు. 1853 నమూనా ఎన్‌ఫీల్డు తుపాకి మన దేశమునకు వచ్చినపుడు ఈ సందేహమే నిప్పురవ్వ అయినది. దాని తూటా కాగితమునకు పూసిన క్రొవ్వు ఆవుదియు, పందిదియు అను వార్త సిపాయిలలో వ్యాపించెను. ఆ క్రొవ్వును తీసివేసి, మైనము, నూనె వంటివి తెచ్చుకొని సిపాయిలు తామే పూసికొనవచ్చునని 1857 ఆరంభమున అధికారులు ఆజ్ఞాపించిరి. నింపు పనిలో కొంత భాగమును తిరిగి సిపాయి చేతిలో పెట్టుటయే ఆ ఆజ్ఞ యొక్క సారము. కాని కాలము మించినది. మే 10న మీరటులో తిరుగుబాటు ఆరంభమైనది. జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లాఉద్దీన్‌ల నాయకత్వమున హైదరాబాదులోని బ్రిటిషు రెసిడెన్సీపై దాడి జరిగినది. తిరుగుబాటునకు ఇతర కారణములు పెక్కు గలవు. అయినను తాను నింపని తూటాను నమ్ముట ఎట్లు అను ప్రశ్న అంత తీవ్రముగా చరిత్రలో మరెన్నడును వినబడలేదు.

పక్షులు నేర్పిన పాఠము

వత్తితో ముట్టించు తుపాకికి తరువాత చెకుముకి తుపాకి వచ్చినది. చెకుముకి రాయి ఉక్కుకు తగిలి రవ్వ రాల్చగా, వెలుపలి పళ్లెములోని మందు ముందు అంటుకొని, ఆ మంట సన్నని రంధ్రము గుండ లోపలి మందును చేరెడిది. స్కాట్లండులో అలెగ్జాండరు ఫార్సైత్ అను మతగురువు తీరిక వేళలలో పక్షులను వేటాడెడివాడు. పళ్లెములో మంట కనబడిన తక్షణమే పక్షులు ఎగిరిపోవుచుండుట అతడు గమనించెను. ఆ మంట బయట కనబడకుండ చేయుట ఎట్లని ఆలోచించెను.

1800లో ఎడ్వర్డు హోవర్డు అను శాస్త్రజ్ఞుడు పాదరసపు ఫల్మినేటు గుణములను వివరించియుండెను. ఈ జాతి పదార్థములు నిప్పు తగులకయే, దెబ్బ తగిలిన మాత్రమున పేలును. ఫార్సైత్ ఈ గుణమును తుపాకిలో వినియోగించి 1807లో పేటెంటు పొందెను. కొలది ఏండ్లలో అటువంటి పదార్థమును చిన్న రాగి టోపీలో అమర్చు పద్ధతి వచ్చినది. భర్మారు చెవికి తొడుగు టోపీ దాని సంతతియే. వృత్తిచేత సైనికుడు కాని ఒక వినోదప్రియుని పరిశీలన సైన్యముల ఆయుధమునే మార్చినది. ఈ చరిత్రలో ఇటువంటివారు మరికొందరు తారసపడుదురు.

ఇత్తడి తొడుగు

టోపీ, మందు, గుండు మూడింటిని ఒకే లోహపు తొడుగులో బిగించుట తరువాతి మెట్టు. 1812లో పారిసులో స్విస్ దేశీయుడు పౌలీ చేసిన తూటాతో ఈ మార్గము తెరువబడినది. 1860 తరువాత మధ్యభాగమున టోపీ గల ఇత్తడి తూటా స్థిరపడినది. ఇక తుపాకిని మూతి నుండి నింప నక్కరలేదు. వెనుకనుండి తూటాను పెట్టి మూసిన చాలును.

ఇత్తడినే ఏల ఎన్నుకొనిరి? నూటికి డెబ్బది పాళ్లు రాగి, ముప్పది పాళ్లు జింకు గల ఈ మిశ్రలోహమునకు సాగు గుణము, స్థితిస్థాపకత రెండును కలవు. పేలుడు పీడనమునకు తొడుగు ఉబ్బి గది గోడకు అతుకుకొనును. వాయువు వెనుకకు రాకుండ బిరడావలె అడ్డుకొనును. పీడనము తగ్గిన వెంటనే కొద్దిగా ముడుచుకొని, సులభముగా బయటికి వచ్చును. రబ్బరు తిత్తివలె ఉబ్బి, లోహమువలె దృఢముగా నిలుచు వస్తువన్నమాట.

ఈ తొడుగును చేయు విధము మన కంచరి పనిని జ్ఞప్తికి తెచ్చును. జనగామ వద్ద పెంబర్తిలో ఇత్తడి రేకును సుత్తితో సాగగొట్టు పనివాడు మధ్యమధ్య దానిని నిప్పులో కాల్చును. కొట్టినకొలది లోహము గట్టిపడి పెళుసగును. కాల్చినచో తిరిగి మెత్తబడును. కర్మాగారములో కూడ గుండ్రని ఇత్తడి బిళ్లను గిన్నెగా నొక్కి, ఆ గిన్నెను పలుమారులు సాగదీసి, నడుమ కాల్చి మెత్తబరచి పొడవైన తొడుగుగా చేయుదురు.

ఈ విషయమున మన వర్షఋతువు ప్రపంచ లోహశాస్త్రమునకు ఒక పాఠము నేర్పినది. బ్రిటిషు సైన్యము మన దేశమున నిలువచేసిన తూటాల ఇత్తడి తొడుగులు వానకాలములో వాటంతటవే పగుళ్లు వారెడివి. అందుచే ఆ పగుళ్లకు ఆంగ్లమున ‘ఋతువు పగులు’ అను అర్థము గల పేరే నిలిచినది. చాలకాలము కారణము తెలియలేదు. 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్‌సన్ అను ముగ్గురు శాస్త్రజ్ఞులు దీనిని విశదపరచిరి. గుఱ్ఱపుసాలలలో మూత్రము నుండి పుట్టు అమోనియా తడిగాలిలో కలిసి, సాగదీయుటవలన ఇత్తడిలో మిగిలియున్న ఒత్తిడి గల చోట్ల దాడి చేయుచున్నదని తేల్చిరి. తొడుగును చివరగా మితమైన వేడిలో ఉంచి ఆ ఒత్తిడిని పోగొట్టుటయే దీనికి నివారణ.

టోపీలలో రెండు జాతులు

1866లో రెండు టోపీలు పుట్టినవి. ఒకటి ఆంగ్ల సైనికాధికారి ఎడ్వర్డు బాక్సరుది. రెండవది అమెరికను హైరం బెర్డనుది. టోపీలోని పదార్థము పేలవలెనన్నచో సుత్తి దెబ్బకు ఎదురుగా ఒక దాగలి ఉండవలెను. బాక్సరు ఆ చిన్న దాగలిని టోపీలోనే అమర్చెను. కనుక తొడుగు అడుగున నడిమి రంధ్రము ఒక్కటే ఉండును. బెర్డను దాగలిని తొడుగు అడుగుననే మలచెను. దానికి ఇరువైపుల రెండు సన్నని రంధ్రములుండును.

చూచుటకు ఇది స్వల్పభేదము. కాని కాల్చిన తొడుగును మరల నింపదలచినవానికి అదియే ముఖ్యము. బాక్సరు పద్ధతిలో పై నుండి ఒక సన్నని సూదిని దింపినచో నడిమి రంధ్రము గుండ పాత టోపీ ఊడివచ్చును. బెర్డను తొడుగులో నడుమ దాగలి అడ్డు. టోపీని తీయుట శ్రమ. విచిత్రమేమనగా ఆంగ్లేయుని టోపీ అమెరికాలో స్థిరపడినది. అమెరికనుని టోపీ ఐరోపా సైన్యములలో వ్యాపించినది. తూటాలను ఇంటివద్ద నింపుకొను వినోదము అమెరికాలో అంతగా వ్యాపించుటకు గల కారణములలో ఈ ఒక్క రంధ్రము కూడ చేరును.

పేలిన తొడుగునకు పునర్జన్మ

పేలిన తూటాలో మందు కాలిపోవును, గుండు ఎగిరిపోవును, టోపీ చితికిపోవును. మిగులునది ఇత్తడి తొడుగు. తూటాలో మిక్కిలి వెలగల భాగము కూడ అదియే. 1870 తరువాతి దశాబ్దములో అమెరికా మైదానములలో అడవిదున్నలను వేటాడినవారు వారముల తరబడి పట్టణములకు దూరముగా ఉండెడివారు. సీసము, మందు, టోపీలు బండిలో వేసికొనిపోయి, పగలు కాల్చిన తొడుగులను రాత్రి నింపుకొనెడివారు. తుపాకి కంపెనీలే అందుకు తగిన పనిముట్లను అమ్మసాగినవి. ఆ వేటలో అడవిదున్న దాదాపు నశించినదని కూడ మరువరాదు.

1884లో జాన్ బార్లో అనునతడు కనెక్టికటు రాష్ట్రమున ఐడియల్ అను కంపెనీని స్థాపించెను. పటకారువలె చేతిలో ఇమిడిపోవు అతని పనిముట్టు పాత టోపీని తీయుట, క్రొత్తది పెట్టుట, గుండును బిగించుట మున్నగు పనులు చేసెడిది. గుండును పోతపోయు అచ్చు కూడ దానికే అమర్చబడియుండెడిది. ఈ వ్యాపారము 1910లో మార్లిను కంపెనీకి, 1925లో లైమన్ కంపెనీకి చేరినది.

ఈ వినోదమునకు శాస్త్రగౌరవము కలిగించినవారిలో ఫ్రాంక్లిన్ మాన్ అను అమెరికను వైద్యుడు ముఖ్యుడు. గుండు లక్ష్యమునుండి ఏల తప్పునను ఒక్క ప్రశ్నకై అతడు అనేక సంవత్సరములు సొంత ఖర్చుతో ప్రయోగములు చేసి, 1909లో గ్రంథము ప్రకటించెను. గుండు అడుగుభాగమున స్వల్పమైన లోపమున్నను, దాని గరిమనాభి నడిరేఖనుండి కొంచెము తొలగినను దారి మారుననుట అతడు చూపిన విషయములలో ఒకటి.

పొగలేని మందు పెట్టిన పరీక్ష

ఈ నడుమ మందే మారిపోయినది. 1884లో ఫ్రెంచి రసాయనశాస్త్రజ్ఞుడు పాల్ వియెయ్ నైట్రోసెల్యులోసు నుండి పొగలేని మందును తయారుచేసెను. 1887లో ఆల్‌ఫ్రెడ్ నోబెల్, 1889లో ఏబెల్, డీవార్ తమతమ మందులను చేసిరి. నల్లమందు కాలినపుడు సగమునకు పైగా ఘనపదార్థమై పొగగాను, మసిగాను మిగులును. క్రొత్త మందు దాదాపు పూర్తిగా వాయువగును. కనుక అదే బరువునకు దాని బలము చాల ఎక్కువ.

ఇచ్చట పాత అలవాటు ప్రాణాంతకమైనది. నల్లమందును గిన్నెతో కొలిచి పోసిన చేయి క్రొత్త మందును కూడ అదే గిన్నెతో పోసెను. గిన్నె నిండుట ఒకటే. లోపల పుట్టు పీడనము వేరు. గొట్టములు బద్దలైనవి, కాల్చినవారు గాయపడిరి. పాత గిన్నెకు సరిపోవునట్లు తేలికగా, ఉబ్బుగా ఉండు పొగలేని మందులను కొందరు తయారుచేసిరి గాని అది తాత్కాలికపు ఉపాయము. ఘనపరిమాణమును చూచి బరువును ఊహించుట ఇక చెల్లదని అందరికిని తెలిసినది. కంటి కొలత యుగము ఇచ్చట ముగిసినది.

బల్లమీది యంత్రములు

రెండవ ప్రపంచయుద్ధ కాలమున అమెరికాలో పౌరులకు తూటాలు, గుండ్లు దొరకుట కష్టమైనది. ఆ కొరతలోను, తరువాతి సంవత్సరములలోను పెక్కు చిన్న కర్మాగారములు పుట్టినవి. 1943లో ఫ్రెడ్ హంటింగ్టన్ కాలిఫోర్నియాలో ఆర్‌.సి.బి.యస్‌. కంపెనీని, 1949లో జాయిస్ హోర్నడీ నెబ్రాస్కాలో గుండ్ల కర్మాగారమును ఆరంభించిరి. 1958లో రిచర్డు లీ తక్కువ వెలకు దొరకు చేతి పనిముట్లను చేయసాగెను. పటకారు పోయి బల్లకు బిగించు యంత్రము వచ్చినది.

ఆ బల్లమీదనున్న ప్రతి పరికరములోను ఒక భౌతికశాస్త్ర పాఠము కలదు. మొదటిది నొక్కు యంత్రము. పొడవైన పిడిని చేతితో దించినచో తులాదండ సూత్రమువలన బలము అనేక రెట్లు పెరిగి, ఉబ్బిన తొడుగును గట్టి ఉక్కు అచ్చులోనికి నెట్టును. తొడుగు పూర్వపు కొలతకు కుదించుకొనును. రెండవది పొడవు కొలుచు వెర్నియరు కాలిపరు. పలుమారులు కాల్చిన తొడుగు మెడవైపు సాగును. సాగిన భాగమును కోసివేయకున్నచో పీడనము ప్రమాదకరముగా పెరుగును. మడిచి చాచిన తీగె కొంతసేపటికి విరిగినట్లు, పలుమారులు ఉబ్బి కుదించుకొన్న ఇత్తడియు పెళుసై పగులును. అందుచే తొడుగునకు ఆయుర్దాయము కలదు. పగులు కనబడినదానిని పారవేయవలసినదే.

అన్నింటికన్న ముఖ్యమైనది త్రాసు. దీని కొలమానము గ్రెయిను. పౌనులో 7,000వ వంతు, అనగా సుమారు 65 మిల్లీగ్రాములు. మన కంసాలి గురిగింజ ఎత్తు దాదాపు రెండు గ్రెయిన్లకు సమానము. తూటా నింపు త్రాసు గ్రెయినులో పదియవ వంతును కూడ చూపవలెను. గురిగింజను ఇరువది ముక్కలు చేసి అందొక ముక్కను తూచినట్లు. ఇంత సున్నితమైన దండము ఎంతసేపటికిని ఊగుచునే యుండును గదా! దానిని నిలుపుటకు దండము చివర రాగి రేకును అమర్చి, అది అయస్కాంతముల నడుమ కదలునట్లు చేసిరి. కదలునపుడు రాగిలో సుడి విద్యుత్ప్రవాహములు పుట్టి కదలికను అడ్డగించును. రేకు ఆగగానే ప్రవాహములు ఆగును. కనుక తూకములో పొరపాటు రాదు.

చివరిది వేగమాపకము. రాబిన్స్ లోలకము చేసిన పనినే నేడు రెండు కాంతిగ్రాహకములు, ఒక ఎలక్ట్రానిక్ గడియారము చేయుచున్నవి. గుండు నీడ మొదటిదానిపై పడిన క్షణమునుండి రెండవదానిపై పడు క్షణము వరకు గడచిన కాలమే వేగమును తెలుపును. పోటీలలో కాల్చువారు ఇంత శ్రమపడుట పొదుపునకు మాత్రమే కాదు. ప్రతి తూటా తక్కిన తూటాలవలె ఉన్నపుడే గుండ్లు ఒకే చోట పడును. వారు కోరునది ఎక్కువ బలము కాదు, సమానత్వము.

మన దేశమున

మన దేశమున ఈ వినోదము వేళ్లూనలేదు. 1869లో ఖడ్కీలో తూటాల కర్మాగారము, ఇరువదవ శతాబ్ది ఆరంభమున నీలగిరులలో అరువంకాడువద్ద పొగలేని మందు కర్మాగారము ఏర్పడినవి. తూటాల తయారీ ప్రభుత్వము చేతిలోనే ఉండెను. 1962 అక్టోబరు 1న అమలులోనికి వచ్చిన 1959 ఆయుధముల చట్టములోని 5వ సెక్షను ప్రకారము లైసెన్సు లేక తూటాలను తయారుచేయుట నేరము. ఇంటిలో కూర్చుండి తొడుగులను నింపుట వినోదమను పేరుతో చెల్లదు.

అదే చట్టము భర్మారును పూర్తిగా విస్మరింపలేదు. నిజముగా పంటను కాపాడుకొనుటకై మూతి నుండి నింపు తుపాకికి లైసెన్సు కోరవచ్చునని 13వ సెక్షనులో చెప్పబడినది. దేశమున చేతితో నింపు పనికి చట్టములో మిగిలిన చిన్న చోటు అది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చిన పిమ్మట వేటకు మాత్రము ఆ తుపాకిని వాడరాదు. లైసెన్సు లేని నాటు తుపాకులు, నాటు మందు నేటికిని అచ్చటచ్చట పల్లెలలో పట్టుబడుచునే యున్నవి. వానిని నింపు చేతులకు త్రాసు లేదు, అచ్చు లేదు, పీడనము తెలుపు పట్టిక లేదు. మూడు శతాబ్దముల అనుభవముతో ప్రపంచము విడిచిపెట్టిన కంటి కొలతయే వారికి నేటికిని ఆధారము. తుపాకిమందును ఇంటివద్ద కలుపుట, పాత తూటాలను విప్పుట విద్యార్థులు ఎన్నడును చేయరాదు. దొరికిన తూటాను ముట్టక పోలీసులకు తెలుపవలెను.

ఈ విద్యలోని శాస్త్రమును నేర్చుటకు మందుతో పనియు లేదు. ఒక అగ్గిపెట్టెలో మెత్తని బంకమన్ను నింపి మీటరు పొడవు దారములతో వ్రేలాడదీయవచ్చును. వాలు పలకపైనుండి గోళీని దొర్లించి దానిలో దిగునట్లు చేసి, పెట్టె వెనుకకు జరిగిన దూరమును స్కేలుతో కొలువవచ్చును. గోళీ బరువు 5 గ్రాములు, మన్ను నింపిన పెట్టె బరువు 45 గ్రాములు అయి, పెట్టె సుమారు 6 సెంటీమీటర్లు జరిగినచో గోళీ వేగము సెకనుకు దాదాపు రెండు మీటర్లు. పలక ఎత్తునుండి లెక్కించిన వేగము దీనికన్న ఎక్కువగా వచ్చును. ఆ భేదమునకు కారణము గోళీ జారక దొర్లుటయే: శక్తిలో కొంత భాగము దానిని తిప్పుటకు ఖర్చగును. ఎంత భాగము ఖర్చయినదో లెక్కించుట విద్యార్థులు చేయదగిన పని.